ఐదొందల ఫిల్సుల తోక

శ్రీనివాసులు చెంప మీద నాలుగు వేళ్ళు స్పష్టంగా అచ్చుపడి ఉన్నాయి. అవి ఎవరివని కుక్కుటేశ్వరరావు విచారించలేదు. కొట్టిన మనిషి ఎదురుగానే నిలబడి అరచేయి తుడుచుకుంటున్నాడు కాబట్టి ఆ కేసు అక్కడికక్కడే తేలిపోయింది.

"టైమెంతయిందండీ ఓబులేసు గారూ?"

"మూడూ పది. నాలుగ్గంటలకు ఇరాకోళ్ళు లారీ ఏసుకోని వస్తారు. ఆ లోపల వీడు నోరు తెరవకపోతే నేను తెరిపిస్తా. నువ్వు యాడ కూచుంటావో కూచోని చూడప్పా."

ఓబులేసుది రాయచోటి. ఒకప్పుడు అక్కడ హోంగార్డు. ఇప్పుడు ఇరాకీలు ఆక్రమించిన కువైట్‌లో, అమ్ఘరా తుక్కు యార్డులో మేస్త్రీ. రేపు, అంటే సెప్టెంబరు పద్నాలుగు పొద్దున ఆరింటికి, ఇరాక్ మీదుగా జోర్డానుకు పోయే బస్సు లిస్టు అతని జేబులోనే ఉంది. ఆ లిస్టులో పదకొండు పేర్ల పక్కన పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉన్నాయి. ఆ పదకొండు మందికీ వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ ఒక్కడే, బూ ఖాలిద్. యార్డు ఆయనదే, రిగ్గైలో ఈ హాబీ ఆటల షాపు ఆయనదే, మిష్రిఫ్‌లో తిరుపాలమ్మ ఇంటిపని చేసే విల్లా కూడా ఆయనదే. పాస్‌పోర్టులు కఫీల్ దగ్గరే ఉండడం ఇక్కడి ఆనవాయితీ. ఆయన ఆగస్టు ఇరవై ఒకటిన ఇల్లు వదిలి వెళ్ళిపోయాడు. ఈ పొద్దున షాపు షట్టరెత్తి ఇనప బీరువా తెరిస్తే అందులో ఒక ఎండిన బొద్దింక మాత్రం ఉంది. పాస్‌పోర్టు లేనివాణ్ణి సరిహద్దు దగ్గర దించేస్తున్నారని ముందు బస్సులవాళ్ళు కబురు పంపారు.

బీరువా తాళం చెవులు రెండు. ఒకటి బూ ఖాలిద్ దగ్గర, రెండోది పన్నెండేళ్ళుగా ఈ షాపులో సేల్స్‌మన్‌గా ఉన్న శ్రీనివాసులు దగ్గర. అందుకే ఓబులేసు లెక్క తేలిగ్గా తేలిపోయింది. శ్రీనివాసులు వాటిని అమ్ముకున్నాడు, దొంగను వదిలేసి పోదాం, ముందు రెండు తగిలిద్దాం.

కుక్కుటేశ్వరరావుది పిఠాపురం. పదేళ్ళుగా కువైట్‌లో ఇన్సూరెన్సు సర్వేయరు. కాలిన అంగళ్ళూ దోపిడీ అయిన అంగళ్ళూ చూసి, ఎంత పోయిందో, ఎంత పోయిందని అబద్ధమాడుతున్నారో తేల్చడం ఆయన పని. ఆయన పాస్‌పోర్టు ఆయన జేబులోనే ఉంది, బస్సులో సీటూ ఉంది. పొద్దున సంచీ సర్దుకుని హాయిగా పడుకోవాల్సిన మనిషి. కానీ తిరుపాలమ్మ వచ్చి గుమ్మం ముందు నిలబడి, "ఆ పిల్లోడు దొంగ కాదు సార్, నేను మనుషుల్ని చూసినా" అంది. పరుల సంగతిలో తలదూర్చే జబ్బు పుట్టుకతో వచ్చిన మనిషికి అంతకంటే ఏం కావాలి?

"తిరుపాలమ్మా, బూ ఖాలిద్ వెళ్ళిన రోజు నీతో ఏమన్నాడు?"

"పొద్దున తొమ్మిదయింటాది సార్. మా మామా, అదే మేడమ్మూ, పిల్లోళ్ళూ జూలైలోనే కైరోకి పోయినారు కదా, ఇంట్లో బాబా ఒక్కడే. సంచీలో రొట్టెలు, చేపల డబ్బాలు ఏసుకున్న్యాడు. మీ పాస్‌పోర్టు జవాజ్‌లు దుకాన్‌లో భద్రంగా ఉండాయి, నువ్వు భయపడొద్దు అన్న్యాడు. కారు ఎక్కినాడు, పోయినాడు. అంతే."

"బీరువాలో అన్నాడా, దుకాణంలో అన్నాడా?"

"దుకాన్‌లో."

"ఆయ్, బావుంది." కుక్కుటేశ్వరరావు శ్రీనివాసులు వైపు తిరిగాడు. "నువ్వు షాపు మూసింది ఎప్పుడు?"

"అదే రోజు మధ్యాన్నం పన్నెండుకు సార్. అప్పటికే సైన్యమోళ్ళు వచ్చి వీడియో గేములన్నీ ఎత్తకపోయినారు. మిగిలిండేవి అట్టపెట్టెల ఆటలు. వాటి జోలికి పోలేదు."

"తర్వాత ఎక్కడున్నావు?"

శ్రీనివాసులు ఓబులేసు వైపు చూశాడు. ఓబులేసు మీసం మీద చెయ్యి వేశాడు.

"నా దగ్గరే ఉన్న్యాడు. ఇరవైనాలుగో తేదీ నేనే వచ్చి వీని తాళంచెవులు తీసుకోని, ఈ షట్టరుకు నా తాళం కూడా ఇంగోటి ఏసి, వీన్ని అమ్ఘరాకు తీసకపోయినా. రాత్రి నా మంచం పక్కనే పండుకుంటాడు. ఎన్నడూ కన్ను మరల్చలేదు. అయితే ఏంది? ఇరవైఒకటికీ ఇరవైనాలుగుకూ నడుమ అమ్ముకున్న్యాడు."

"అంటే ఇరవైనాలుగు నుంచి ఈ పొద్దున దాకా ఈ షట్టరు తెరవడం మీకు తెలీకుండా ఎవరివల్లా కాదు."

"నా తాళం పగలగొడ్తే తప్ప కాదు. పగల్లేదు."

"చాలా సంతోషమండీ. ఆ మాట మళ్ళీ అడుగుతాను, మార్చకండేం."

షాపు పొడవు ముప్పై అడుగులు, వెడల్పు పన్నెండు. మూడు గోడలకూ అరలు, వెనక ఒక చిన్న గది, అందులో బీరువా, చేతులు కడుక్కునే తొట్టి, సందులోకి తలుపు. గదికి పైన చెక్కతో కొట్టిన అటక, దాని నిండా కార్టన్లు. కుక్కుటేశ్వరరావు ముందు సందు తలుపు చూశాడు. లోపలివైపు గడియ వేసే ఉంది. తొట్టిలో వేలు పెట్టి చూసి, వేలు ప్యాంటుకు తుడుచుకున్నాడు. ఆ తర్వాత ముందు గదిలోకి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, పండగకు కొనడానికి వచ్చినవాడిలా అరల వెంట నడవడం మొదలుపెట్టాడు.

"శ్రీనివాసులూ, ఈ పెట్టెల మీద ధరలు ఎట్లా వేస్తారయ్యా?"

ఓబులేసుకు ఒళ్ళు మండింది. "పాస్‌పోర్టులు పోయినాయిరా నాయనా అంటే, నువ్వు బేరాలకు దిగినావే! మూడూ ఇరవై అయింది."

"దొంగతనం జరిగిన అంగట్లో మొదట ధరలే చూడాలండీ. మనుషులు చెప్పనివి అవి చెబుతాయి. నువ్వు చెప్పు శ్రీనివాసులూ."

చెంప వాచినా, పన్నెండేళ్ళ పని గురించి అడిగేసరికి శ్రీనివాసులు గొంతు కుదుటపడింది.

"సరుకు ఇంగ్లండు నుంచి వస్తాది సార్. బిల్లు మీద పౌండ్లుంటాయి. దాన్ని దినార్లు చేసి, ఓడ ఖర్చు, కస్టమ్సు కలుపుకుంటాం. చదరంగాలు, పేకముక్కలు అన్ని అంగళ్ళల్లో దొరుకుతాయి, వాటికి పెద్దగా ఎక్కియ్యం. అవి చౌకంటే మనిషి లోపలికి వస్తాడు. పెద్ద పెట్టెల ఆటలకు రెండింతలు. బొమ్మ విమానాలకు పూసే రంగు సీసాలు, సన్న బ్రష్షులు, పాచికలు, వీటికి మూడింతలు. రంగు సీసా ధర ఇంగో అంగట్లో అడిగి వచ్చేవాడు ఉండడు సార్."

"ఆయ్. దినారుకు వెయ్యి ఫిల్సులు కదా, మరి ఈ చివర ఫిల్సుల సంగతి? ఇక్కడ చూస్తే ఐదొందలు, అక్కడ రెండొందల యాభై. గుండుసున్నా ఒక్కటీ లేదు."

"దాన్ని మేము తోక అంటాం సార్. కొత్త సరుకుకు తోక ఏడునూర్ల యాభై. దానికి బేరం లేదు. మార్చి ఒకటో తేదీ, సెప్టెంబరు ఒకటో తేదీ వచ్చినాయంటే షాపంతా ధర మారుతుంది. ఏడునూర్ల యాభై తోకది ఐదునూర్లు అయితాది, ఐదునూర్లది రెండునూర్ల యాభై. తోక చూస్తే సరుకు ఎన్నాళ్ళ నుంచి కూచోనుందో, ఎంత తగ్గియ్యచ్చో నాకు తెలిసిపోతాది. ఆరు నెలలకొకసారి బాబానే లేబుల్ మిషను పట్టుకోని కూచుంటాడు. జరమొచ్చినా ఆ పని ఆపడు. నన్ను దాన్ని తాకనియ్యడు."

కుక్కుటేశ్వరరావు ఒక పెట్టె దించాడు. ఓడల యుద్ధం ఆట. మీద లేబులు, పదకొండు దినార్ల ఐదొందలు.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"జూన్‌లో సార్. ఆఖరి సరుకు. బిల్లు కాపీ ఆ ఫైల్లోనే ఉంటాది."

"జూన్‌లో వస్తే, ఆగస్టులో నువ్వు మూసే రోజుకు దాని తోకెంత?"

"ఏడునూర్ల..." శ్రీనివాసులు ఆగిపోయాడు. పెట్టె లాక్కుని చూశాడు. పక్క పెట్టె చూశాడు. దాని పక్కదీ చూశాడు. "సార్, ఇవన్నీ ఐదునూర్లు అయినాయే! నేను కొట్టలేదు సార్, మా అమ్మ తోడు."

కుక్కుటేశ్వరరావు గోటితో లేబులు అంచు గీకాడు. అది ఊడి వచ్చింది. కింద పాత లేబులు, పదకొండు దినార్ల ఏడొందల యాభై. ఊడిన దాని బంక ఇంకా వేలికి అంటుకుంటూనే ఉంది.

"ఓబులేసు గారూ, ఇందాక నేను మళ్ళీ అడుగుతానన్న మాట. ఇరవైనాలుగు నుంచీ శ్రీనివాసులు మీ మంచం పక్కనే ఉన్నాడు కదండీ?"

"ఉన్న్యాడు."

"షట్టరు మీద మీ తాళం చెక్కుచెదరలేదు కదా?"

"లేదు." ఓబులేసు గొంతు కొంచెం తగ్గింది. "అయితే ఎవుడో..."

"సెప్టెంబరు ఒకటో తేదీ ఈ షాపులో ధరలు మారాయి. ఎప్పుడూ మారినట్టే, పద్ధతి ప్రకారం. మార్చింది శ్రీనివాసులు కాదని సాక్ష్యం మీరే చెబుతున్నారు. ఇక ఈ ఊళ్ళో ఆ పద్ధతి తెలిసినవాడు ఒక్కడే మిగిలాడు."

తిరుపాలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "బాబా! ఉండాడా సార్? ప్రాణాలతో ఉండాడా?"

"ఉన్నాడమ్మా. ఊరి మీద సైన్యం పడినా, ఒకటో తారీఖు రాగానే మిషను పట్టుకుని కూర్చున్నాడు, మహానుభావుడు." ఆ మాట అంటుంటే కుక్కుటేశ్వరరావుకు నవ్వు వచ్చింది. నెలన్నరగా ఆయన చూసినవన్నీ పగిలిన అద్దాలూ, ఖాళీ అరలే. పని మానని మనిషి ఒకడు ఉన్నాడంటే ఆయనకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది.

ఓబులేసు మాత్రం తేలిగ్గా లొంగే రకం కాదు. "ఆయప్ప ఉంటే మంచిదే. జవాజ్‌లు యాడ? మూడూ ముప్పైఐదయింది. ధరలతో బస్సెక్కిచ్చుకుంటారా?"

"అదీ ధరే చెబుతుందండీ. శ్రీనివాసులూ, అమ్మడం ఇష్టం లేని వస్తువు ఉంటే మీ బాబా ఏం చేస్తాడు? అమ్మబడదు అని బోర్డు పెడతాడా?"

"పెట్టడు సార్. బోర్డు పెడితే జనానికి ఇంగా ఆశ పుడ్తాదంట. ఎవురూ ఇయ్యలేని ధర పెట్టేస్తాడు. చూసి నవ్వుకోని పోతారు. ఆ అద్దాల పెట్టెలో చూడండి, వాళ్ళ నాయన ఆడిన చదరంగం. తొమ్మిదినూర్ల డెబ్బైఐదు దినార్లు. పన్నెండేండ్లలో ఒక్కడన్నా దాన్ని బయటికి తియ్యమని అడగలేదు."

"అయితే పదండి. అందరూ వెతకండి. బుద్ధున్నవాడు ఎవడూ ఇవ్వని ధర ఉన్న పెట్టె. తిరుపాలమ్మా, అంకెలు చదవడం వచ్చునా?"

"టీవీ రిమోటు మీదివి వచ్చు సార్."

"చాలు."

దొరికింది ఆమెకే. కింద అరలో, ఎండకు రంగు వెలిసిన పూలగుత్తి బొమ్మ జిగ్సా పెట్టెలు ఎనిమిది వరసగా ఉన్నాయి. ఏడింటి మీద మూడు దినార్ల రెండొందల యాభై. ఎనిమిదోదాని దగ్గర ఆమె వేలు ఆగిపోయింది. "నాలుగూ ఎనిమిదీ సార్... తరవాత ఏడు."

నలభై ఎనిమిది దినార్ల ఏడొందల యాభై. మూడేళ్ళుగా దుమ్ము తింటున్న పెట్టె మీద, బేరం లేదు పొమ్మనే కొత్త సరుకు తోక!

శ్రీనివాసులు మూత తీశాడు. జిగ్సా ముక్కల మధ్య ప్లాస్టిక్ సంచీలో చుట్టిన నీలం అట్టలు. తిరుపాలమ్మ ఒక్కొక్కటీ తెరిచి, తన ఫోటో కనబడగానే దాన్ని గుండెకు హత్తుకుని నేల మీదే కూలబడింది. ఆమె ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఓబులేసు తన పాస్‌పోర్టును తిరగేసి తిరగేసి చూసి, శ్రీనివాసులు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"అబ్బీ, తప్పయిపోయింది. నన్ను రెండు కొట్టు."

"నాకు చెయ్యి లేవదన్నా," అన్నాడు శ్రీనివాసులు. "లెక్క చూసుకో. పదకొండూ ఉండాయా?"

ఓబులేసు లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. "పన్నెండు వస్తాండాయే."

"అది తర్వాత చూద్దాం," అన్నాడు కుక్కుటేశ్వరరావు. ఆయన వెనకగదిలోకి వెళ్ళి అటక కింద నిలబడ్డాడు. "ముందు ఇది చూడండి. షట్టరు మీద మీ తాళం. సందు తలుపుకు లోపల గడియ. ధరలు మార్చిన మనిషి లోపలికి వచ్చాడు సరే, ఎటు పోయాడు? ఈ తొట్టి ఇంకా తడిగా ఉంది. ఈ మూడో అర అంచు మీద దుమ్ము ఒక అరికాలంత మేర తుడుచుకుపోయి ఉంది. నిచ్చెన లేనివాడు అరలే మెట్లుగా ఎక్కుతాడు." ఆయన తల పైకెత్తి, ఇక్కడి వర్తకులకు అర్థమయ్యే వచ్చీరాని ఉర్దూలో మెల్లగా అన్నాడు. "బూ ఖాలిద్ సాబ్, మేం మీవాళ్ళమే. తిరుపాలమ్మ వచ్చింది."

ఒక కార్టన్ బెత్తెడు పక్కకు జరిగింది. గడ్డం పెరిగి, కళ్ళు లోతుకు పోయిన ముఖం ఒకటి కిందికి చూసింది.

సరిగ్గా అప్పుడే బయట లారీ ఆగింది. మూడూ యాభైరెండు. ఇరాకీలు ఎనిమిది నిమిషాలు ముందే వచ్చారు.

కార్టన్ చప్పున మూసుకుంది. కుక్కుటేశ్వరరావు పాస్‌పోర్టులను చొక్కాలోకి తోసుకున్నాడు. వాళ్ళను పిలిచింది ఓబులేసే. షాపులో మిగిలింది తీసుకోండి, రేపు చెక్‌పోస్టు దగ్గర మా బస్సు ఆపకండి అని పొద్దున బేరం కుదుర్చుకున్నాడు. కువైటీ ఒకడు దాక్కుని దొరికితే ఏం చేస్తారో, దాచినవాళ్ళను ఏం చేస్తారో అందరికీ తెలుసు. ఓబులేసు ముఖం బూడిదరంగుకు తిరిగింది.

"నేను తెచ్చిన పీడ," అన్నాడు అతను గొణుగుతూ. "నేనే చూసుకుంటా. మీరు కదలొద్దండి."

సార్జెంటు ఒకడు, సైనికులిద్దరు. వాళ్ళు అరల మీద పెట్టెలను చేతికందినన్ని ఎత్తుకున్నారు. అద్దాల పెట్టె పగిలింది. తొమ్మిదివందల డెబ్బైఐదు దినార్ల చదరంగం చిల్లిఫిల్సు లేకుండా లారీ ఎక్కింది. సార్జెంటు వెనకగదిలోకి వచ్చి, ఖాళీ బీరువా చూసి, తల పైకెత్తి అటక వైపు వేలు చూపించాడు. అదేమిటని అరబ్బీలో అడిగాడు.

పైన ఏమీ లేదని ఓబులేసు అంటాడేమో, అన్నాడంటే చచ్చామే అనుకున్నాడు కుక్కుటేశ్వరరావు. ఏమీ లేదన్న చోటే ఎవడైనా వెతుకుతాడు.

ఓబులేసు అనలేదు. ముఖం నిండా నవ్వు పులుముకున్నాడు. "ఉంది సార్, చానా ఉంది!" అన్నాడు తన తుక్కు యార్డు అరబ్బీలో. "నలభై కార్టన్లు. అన్నీ పాత అట్టముక్కలు, ఎలుకలు కొట్టినవి. మీరే తీసుకోవాల. సుల్లమ్ మాఫీ, నిచ్చెన లేదు. మీవాళ్ళు అరలెక్కి ఒక్కొక్కటీ దించితే నేను కింద పట్టుకుంటా. యల్లా, యల్లా!" అని చొక్కా చేతులు పైకి మడిచాడు.

సార్జెంటు అటక వైపు చూశాడు. కరెంటు లేని ఆ గదిలో చెమట అతని కనుబొమల మీదుగా కారుతోంది. సైనికులిద్దరూ అప్పుడే గుమ్మం వైపు జరిగారు.

"ఖల్లీ," అన్నాడు సార్జెంటు విసుగ్గా. వదిలెయ్. రెండడుగులు వేసి మళ్ళీ ఆగాడు. "బుక్రా. రేపు పొద్దున ఐదింటికి నిచ్చెన ఇచ్చి పంపిస్తా. అన్నీ దించు."

లారీ వెళ్ళిపోయింది. ఓబులేసు గోడకు జారగిలబడి కూర్చున్నాడు.

"ఎవురూ ఇయ్యలేని ధర పెట్టినా," అన్నాడు రొప్పుతూ. "బాగుందా కుక్కుటేశ్వరరావన్నా?"

"అన్నా" అనడం అదే మొదటిసారి. "అంతకంటే బాగా నేను చెప్పలేనండీ," అన్నాడు కుక్కుటేశ్వరరావు. పొద్దుటి నుంచీ ఆ మనిషి మీద పెంచుకున్న కోపమంతా ఎటు పోయిందో ఆయనకే తెలియలేదు.

బూ ఖాలిద్ అరల మీద కాళ్ళు పెట్టుకుంటూ దిగాడు. సరిహద్దు దాటలేక ఆగస్టు ఇరవైరెండు సాయంత్రమే తన చెవితో సందు తలుపు తీసుకుని తిరిగొచ్చి, లోపల గడియ వేసుకున్నాడట. పొద్దున బీరువా దగ్గర గొంతులు విని, వెంట సైన్యం కూడా ఉందేమోనని కదలకుండా పడుకున్నాడట. శ్రీనివాసులు చెంప చూసి ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. తిరుపాలమ్మ దారికని కట్టుకున్న ఖుబ్జ్ రొట్టె మూట విప్పి ఆయన చేతిలో పెట్టింది.

"ధరలు ఎందుకు మార్చారు సాబ్?" అడిగాడు కుక్కుటేశ్వరరావు.

"ఒకటో తారీఖు కదా," అన్నాడాయన, అంతకంటే వేరే కారణం ఏముంటుందన్నట్టు.

రేపు ఐదింటికి నిచ్చెన వస్తుంది. ఈ అటక ఇక ఆయనకు పనికిరాదు. మిష్రిఫ్ విల్లాలో సైన్యం దిగింది. పోవడానికి చోటు లేదు. కుక్కుటేశ్వరరావు చొక్కాలోంచి పాస్‌పోర్టులు తీసి, ఓబులేసుకు లెక్కకు రాని పన్నెండోదాన్ని వెతికి పట్టుకున్నాడు. శ్రీనివాసులు తొంగి చూసి గుర్తుపట్టాడు.

"దొరబాబుది సార్! బాబా కారు డ్రైవరు. అమలాపురమాయన. రెండేండ్ల కిందట నాయన చనిపోతే, పాస్‌పోర్టు కనపడక ఎంబసీ కాయితం మీద ఊరికి పోయినాడు, మల్లా రాలేదు. ఇది బీరువా వెనకాల పడుంటే తరవాత దొరికింది."

గడువు ఇంకా మూడేళ్ళుంది. ఫోటోలో నలభైఐదేళ్ళ మనిషి, చామనఛాయ, గుబురు గడ్డం. కుక్కుటేశ్వరరావు ఫోటో చూశాడు. మూడు వారాల గడ్డంతో ఖుబ్జ్ నములుతున్న బూ ఖాలిద్‌ను చూశాడు. మళ్ళీ ఫోటో చూశాడు. ఆయన కళ్ళల్లో మెరుపు చూసి ఓబులేసు గబుక్కున లేచి నిలబడ్డాడు.

"వద్దన్నా! ఆయప్పకు తెలుగు ఒక్క ముక్క రాదు. చెక్‌పోస్టు దగ్గర ఎవుడన్నా ఒక్క మాట అడిగినాడా, అందరం పోతాం."

"బస్సు లిస్టు రాసేది ఎవరండీ?"

ఓబులేసు పైనా కిందా చూశాడు. శ్రీనివాసులు చెంప చూశాడు. చివరికి జేబులోంచి లిస్టూ పెన్సిలూ తీసి, అడుగున ఒక పేరు చేర్చాడు. వి. దొరబాబు, డ్రైవరు.

నాలుగూ ఇరవై. బస్సుకు పద్నాలుగు గంటలు కూడా లేదు. కుక్కుటేశ్వరరావు బూ ఖాలిద్ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"సాబ్, అమ్మాన్ చేరితే అక్కడ్నుంచి కైరో, పిల్లల దగ్గరకే. దారిలో ఎవడేం అడిగినా మీరు కోనసీమ మనిషి. ఒక్క మాట నేర్చుకుంటే చాలు, మిగతాది మేం చూసుకుంటాం. అనండి. ఆయ్."

బూ ఖాలిద్ రొట్టె ముక్క మింగి, పెదవులు తడుపుకున్నాడు.

"ఆయ్," అన్నాడు.

తిరుపాలమ్మ ఒక్క క్షణం చెవి ఒగ్గి వింది. "ఇంగ కొంచెం లాగల్ల బాబా," అంది.

"ఆ...య్," అన్నాడు బూ ఖాలిద్.